చేతికందేంత మేర

ఉప్పలంకపేటలో గుబ్బల తాతారావు చెయ్యి పడకుండా ఒక్క శుభకార్యం జరిగిన గుర్తు ఎవరికీ లేదు. శ్రీ నూకాంబికా టెంట్ హౌస్ అతనిది. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టే సింహాసనాలు అద్దెకిస్తాడు. మనిషి బాగా పొడగరి, చేతులు అంతకన్నా పొడవు. పందిరి గుంజకి తాడు కట్టాలంటే అందరికీ నిచ్చెన కావాలి, అతనికి అక్కర్లేదు. పెళ్ళివారు హడావిడిలో బీరువా తాళాలు తెచ్చి అతని చేతిలో పెట్టి, "కాస్త చూస్తుండు తాతారావూ" అనేసి వెళ్ళిపోతారు. ఆ నమ్మకమే అతని ఆస్తి. షామియానా గుడ్డలు చిరిగాయి, కుర్చీల కాళ్ళు విరిగాయి గానీ, ఊళ్ళో ఏ ఇంటి గడపైనా తనకి తెరిచే ఉంటుందన్న ధీమా అతనికి ఏనాడూ చెడలేదు.

అలాంటి మనిషిని కుర్చీ దొంగ అని అరెస్టు చేశారు.

పోయినది సాదా కుర్చీ కాదు, మునిసిపల్ చైర్మన్ గారి కుర్చీ. వీపు మీద అటొకటి ఇటొకటి చెక్క సింహాలు, కూర్చునే చోట ఎర్ర ముఖమల్ దిండు. స్వాతంత్ర్య దినోత్సవం నాడు దాన్ని మైదానంలో సభకి మోయించారు. సభ అయ్యాక చూస్తే లేదు. ఇంకో కుర్చీలో కూర్చునే ప్రసక్తే లేదని చైర్మన్ గారు భీష్మించారు. నిలబడి జరిపితే అది సమావేశం కిందికి రాదని కమిషనరు గారు అభిప్రాయపడ్డారు. దాంతో కుళాయిల మరమ్మతు దగ్గర్నుంచి కుక్కల బెడద దాకా ఊళ్ళో పనులన్నీ పడకేశాయి. ఆ రోజు మైదానంలో షామియానా వేసిందీ, కుర్చీలు లారీకెక్కించిందీ తాతారావే కాబట్టి, ఎస్సై ప్రభాకరం గారి అనుమానం దారిలో ఎక్కడా ఆగకుండా తిన్నగా అతని ఇంటికి వచ్చింది.

ప్రభాకరం గారు చట్టమంటే ప్రాణం పెట్టే మనిషి. అంతకు ముందున్న ఎస్సై ఒక కోడి దొంగతనం కేసులో ముద్దాయి ఇల్లే కాక ముద్దాయి అత్తవారిల్లు కూడా వారంటు లేకుండా తిరగేసి, కోర్టు చేత చీవాట్లు తిన్నాడు. ఆ దెబ్బకి పైనుంచి ఒక సర్క్యులరు దిగింది. ప్రభాకరం గారు దాన్ని లామినేషను చేయించి జేబులో పెట్టుకు తిరుగుతున్నారు. ఇప్పుడు తాతారావు ఇంటి అరుగు మీద నిలబడి, గొంతు సవరించుకుని చదివారు.

"విషయము: అరెస్టు పిమ్మట వారంటు లేని సోదా. ముద్దాయి ఆయుధము అందుకొనకుండుటకును, సాక్ష్యము మాయము చేయకుండుటకును, ముద్దాయి ఒంటి మీదను, ముద్దాయి చేతికి అందునంత మేరలోను మాత్రమే సోదా జరుపవలెను. సదరు మేర దాటిన అధికారి శిక్షార్హుడు." కాగితం మడవబోయి, మడత పడదని గుర్తొచ్చి జేబులో దోపుకున్నారు. "విన్నావా తాతారావూ? ఇది నీ హక్కు. దీన్ని నేను కంటికి రెప్పలా కాపాడతాను. ఏదీ, చెయ్యి చాపు."

తాతారావు చాపాడు. హెడ్ కానిస్టేబులు ఏసుపాదం పురికొస పట్టి ఆ చేతి పొడవు కొలిచాడు. తాతారావుని నడిమధ్య నిలబెట్టి సుద్దముక్కతో చుట్టూ గిరి గీశాడు. ఆ గిరిలో ఒక జత చెప్పులు, సగం తాగిన టీ గ్లాసు, నిద్రపోతున్న పిల్లి దొరికాయి. పిల్లి తోక గిరి దాటి ఉంది కాబట్టి, తోకని వదిలేసి మిగతా పిల్లిని సోదా చేశారు. కుర్చీ దొరకలేదు.

"సామాన్ల గోడౌను పెరట్లో ఉందండి," అన్నాడు ఏసుపాదం. "మేజిస్ట్రేటు గారి దగ్గర వారంటు తెచ్చేసుకుంటే సరిపోద్ది కదండి."

"వారంటు అడిగితే కారణం చెప్పమంటారయ్యా."

"చెప్పేద్దావండి."

"ఏవని? కుర్చీ అక్కడుందని నాకనిపిస్తోంది. అంతేగా మనకున్న కారణం? ఆవిడ దాన్ని కారణం అనరు. నిద్దర్లో అనిపించిందా, మెలకువలోనా అని అడుగుతారు."

తాతారావు భార్య నూకరత్నం అంతవరకూ గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. కొంగు తీసి, బొడ్లో దోపుకున్న తాళం ముందుకు చాపింది. "ఇదిగో బాబూ, గోడౌను తాళం. ఇల్లంతా చూసుకోండి. మాయన దొంగ కాదు. చూసుకుని ఆయన్ని వొదిలేయండి."

ఎస్సై గారు నొచ్చుకున్నారు. "ఇంటివాళ్ళు ఇష్టపడి తాళం ఇస్తే తీసుకోడానికి సర్క్యులరులో ఏర్పాటు లేదమ్మా. మీ హక్కుల్ని మీరే ఇలా పారేసుకుంటే మేం ఎంతని కాపాడతాం?"

ఆ మాట అంటూనే గిరి వైపు చూస్తూ ఉండిపోయారు. గిరి మధ్యలో తాతారావు, తాతారావుకి రెండు కాళ్ళు. ప్రభాకరం గారి మొహం వెలిగిపోయింది.

"ఏసుపాదం! మేర అన్నది ముద్దాయిని బట్టి గదా, ఇంటిని బట్టి కాదు గదా?"

"కాదండి."

"అయితే ముద్దాయి జరిగితే మేరా జరుగుతుంది. తాతారావూ, జరుగు."

తాతారావు అడుగు జరిగాడు. ఏసుపాదం కొత్త గిరి గీశాడు. మళ్ళీ జరుగు అన్నారు, మళ్ళీ జరిగాడు. అలా వసారా, పడగ్గది, వంటిల్లు అన్నీ సుద్ద గిరులతో నిండిపోయి, చివరికి గోడౌను సోదా కూడా చట్టబద్ధంగా అయిపోయింది. ఉన్నవన్నీ తాతారావు కుర్చీలే. ప్రతి కుర్చీ అడుగునా ఎర్ర రంగుతో 'గు.తా.' అని రాసి ఉంది. టెంట్ హౌస్ వాళ్ళ సామాను నాలుగు కార్యాలు తిరిగేసరికి ఒకరిది ఒకరికి కలిసిపోతుంది కాబట్టి, అడుగున పేరు రాసుకోవడం వాళ్ళ ఆనవాయితీ.

ఇంక వదిలేస్తారనుకుని తాతారావు పెరటి గోడ మీద చెయ్యి ఆన్చి ఊపిరి పీల్చుకున్నాడు. అదే అతను చేసిన తప్పు. ఆ చెయ్యి గోడ దాటి పక్కింట్లోకి వేలాడింది.

పక్కిల్లు భ్రమరాంబ గారిది. గోడకి ఆనుకునే ఆవిడ ఆవకాయ జాడీలు ఉంటాయి. ఏసుపాదం గోడెక్కి మూతలు తీస్తుంటే ఆవిడ పరుగున వచ్చింది. "నా జాడీలో కుర్చీ ఎలా పడతదయ్యా, బుద్ధుందా నీకు?"

"పట్టదని మీరు అంటున్నారు గానీ, సర్క్యులరు అనలేదు కదమ్మా," అన్నారు ఎస్సై గారు, ఎంతో మర్యాదగా.

జాడీ వెనక ముక్కుపొడి డబ్బా బయటపడింది. ముక్కుపొడి మానేశానని ఆవిడ ఇంటిల్లిపాదికీ ఒట్టేసి చెప్పి ఉంది. కోడలు వాకిట్లోంచి చూస్తోంది. భ్రమరాంబ గారు ఎస్సైని ఏమీ అనలేదు, ఏసుపాదాన్నీ అనలేదు. గోడ మీదున్న ఆ పొడుగాటి చేతిని చూసి, "నిన్ను సొంత కొడుకులా చూశాను కదరా తాతారావూ" అని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ ఇంటి తలుపు తన మొహాన పడడం తాతారావు ఎరగడు. అరెస్టు చేసినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

మర్నాడు కోర్టులో పెట్టి, సోదా నిమిత్తం కొన్నాళ్ళు పోలీసు కస్టడీకి అడిగితే మేజిస్ట్రేటు గారు ఇచ్చారు. ఆ సోదా సంగతి విని డీఎస్పీ నిశాంతరావు గారు స్టేషనుకి స్వయంగా వచ్చి ప్రభాకరం గారి భుజం తట్టారు.

"నువ్వు పట్టుకున్నది ముద్దాయిని కాదయ్యా. నడిచే వారంటుని. ఇలాంటివాణ్ణి ఒక్క కుర్చీ కేసుకి వాడి పారేస్తే ప్రజాధనం దుర్వినియోగం కింద లెక్క."

అప్పట్నుంచి తాతారావుకి తీరిక లేకపోయింది. పొద్దున్నే జీపెక్కించి, కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి కూర్చోమనేవారు. చెయ్యి ఏ ఇంటి గోడకి తగిలితే ఆ ఇల్లు సోదా. పేకాట దొరికింది, నాటుసారా దొరికింది. ఒకాయన రెండో సంసారం దొరికింది. అదేమీ నేరం కాకపోయినా పంచనామాలో ఎక్కింది. ఈ వైభవం చూసి కరెంటాఫీసు వాళ్ళు దొంగ కనెక్షన్లు పట్టడానికి తాతారావుని ఒక పూట పంపమని ఉత్తరం రాశారు. తూనికలు కొలతల శాఖ వాళ్ళు సంత రోజుకి ముందే మాట్లాడుకున్నారు. పొరుగు స్టేషను ఎస్సై తన ముద్దాయి పొట్టివాడని, మేర బొత్తిగా చాలడం లేదని, మార్పిడికి వీలవుతుందా అని కబురు పెట్టాడు.

ఇంతలో ఒక చిక్కు వచ్చింది. అటకల మీద సామాను తాతారావుకి కూడా అందలేదు. ముద్దాయి స్టూలు ఎక్కితే ఆ ఎత్తు కలుపుకోవచ్చునా అని ప్రభాకరం గారు పైకి రాశారు. "స్టూలు ముద్దాయి చేతికి అందు మేరలో ఉన్న యెడల కలుపుకొనవచ్చును" అని జవాబొచ్చింది. డీఎస్పీ గారు ఆ జవాబుని రెండు సార్లు చదివి మెల్లిగా చిరునవ్వు నవ్వారు.

"అంటే, ముద్దాయి చేతికందే మేరలో ఒక సైకిలుంటే?"

"సైకిలు వెళ్ళగలిగినంత దూరం మేర కిందికే వస్తుంది సార్," అన్నారు ప్రభాకరం గారు.

"బస్టాండులో నిలబెడితే?"

ఆ సాయంత్రమే తాతారావుని బస్టాండులో నిలబెట్టారు. బస్సులన్నీ వెళ్ళే ఊళ్ళ జాబితా పంచనామాకి జతపరచి, జిల్లా యావత్తూ ముద్దాయి చేతికందే మేరలో ఉన్నట్లు ధ్రువీకరించారు.

తాతారావుకి ఇవేవీ ఎక్కలేదు. అతనికి తెలిసినవి ఇళ్ళే. ఆ గుమ్మానికి మామిడాకులు కట్టింది తను, ఈ డాబా మీద వడ్డన పందిరి వేసింది తను. ఇప్పుడు జీపు ఆగగానే ఆ గుమ్మాల్లో ఆడవాళ్ళు తాళంగుత్తులు గుప్పిట్లో పట్టుకుని తనకేసి చూస్తున్నారు. ఒక ఇంట్లో చిన్న పిల్ల, "తాతారావు మావయ్య వచ్చాడే!" అని ఎదురొస్తే తల్లి రెక్క పట్టుకుని వెనక్కి లాగేసింది. అతనికి చచ్చిపోవాలనిపించింది. "చెయ్యి చాపు" అన్నారు వెనకనుంచి. చాపాడు.

నూకరత్నం రోజూ స్టేషనుకి క్యారేజీ తెచ్చేది. ముద్దాయి చేతికందే మేరలోకి వచ్చిన ప్రతి వస్తువునీ సోదా చేయాలి కాబట్టి, ఏసుపాదం గిన్నె గిన్నెనీ సోదా చేసేవాడు. రొయ్యల కూర తెచ్చిన రోజున సోదా చాలా క్షుణ్ణంగా జరిగింది.

"సీతంపేటోళ్ళు పందిరొద్దన్నారయ్యా," అంది ఆవిడ ఆ రోజు, మొగుడి మొహంలోకి చూడకుండా. "పొరుగూరి టెంటోడికి చెప్పుకున్నారంట. మన సామాను వాకిట్లోకొస్తే ఎనకాలే పోలీసులొస్తారంట. కుర్చీ నువ్వు తియ్యలేదని అందరికీ తెలుసు. అయినా రావద్దంటన్నారు."

"దొంగన్నా బాగుండేదే," అన్నాడు తాతారావు. అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

కస్టడీ గడువు ముగిసింది. ప్రభాకరం గారు ఇంకా పొడిగించమని కోర్టులో అడిగారు. మేజిస్ట్రేటు గారు పంచనామాల కట్టని మొదట్నుంచి చివరిదాకా తిరగేశారు. ఆవిడ మెల్లిగా మాట్లాడే మనిషి.

"ముద్దాయి నిలబడ్డ ప్రతి చోటా సోదా చేశారన్నమాట."

"అక్షరాలా మేడమ్. ఒక్క చోటు విడవలేదు."

"స్టేషన్లో?"

"స్టేషను మనదే కదా మేడమ్."

"మనది, పరాయిది అని సర్క్యులరులో ఉందా?"

ప్రభాకరం గారు జేబులోంచి తీసి చూశారు. లేదు. ఉంటే బాగుండునని జీవితంలో మొదటిసారి అనిపించింది. మేజిస్ట్రేటు గారు పెన్ను మూత పెట్టి, "అయితే ఆ లోటు ఈ పూటే తీర్చేయండి. డీఎస్పీ గారిని పిలవండి. నేనూ వచ్చి చూస్తాను" అన్నారు.

స్టేషన్లో తాతారావుని రోజూ నిలబెట్టే చోటే నిలబెట్టారు. అది ఎస్సై గారి బల్ల పక్కన. ఏసుపాదం పురికొస పట్టి, అలవాటైన చేత్తో గిరి గీసుకుంటూ వచ్చాడు. గీత బల్ల మూల దాటి, ఎస్సై గారి కుర్చీ కిందనుంచి సరిగ్గా సగానికి కోసుకుంటూ పోయింది. ఆఫీసర్ల కుర్చీలన్నింటికీ ఉండే తెల్లటి టర్కీ తువ్వాలు ఆ కుర్చీకీ ఉంది. వీపు మీదనుంచి దిండు దాకా నిండుగా కప్పి ఉంది.

"గిరిలో ఉన్న మేరకి తువ్వాలు తీయండి," అన్నారు మేజిస్ట్రేటు గారు.

ఏసుపాదం సగం తువ్వాలు మడిచాడు. నోరు తెరుచుకుని ఒక చెక్క సింహం బయటపడింది. ఏసుపాదం నోరు కూడా అలాగే తెరుచుకుంది.

"ఇది... ఇది తాతారావుదనుకున్నానండి!" అన్నాడు. "సభ రోజున మా సారు, రేపు పై ఆఫీసరు తనిఖీకొస్తన్నాడు, మంచి కుర్చీ పట్రా అన్నారండి. స్టేషనుకి కుర్చీలు తాతారావు సామాన్లోంచి పట్టుకొచ్చెయ్యడం మనకెప్పుడూ ఉన్నదేనండి. అడిగేది లేదు, అద్దె లేదు. పెళ్ళి సింహాసనం అనుకుని, ఉన్నాటిలో మంచిది చూసి తెచ్చానండి. తనిఖీ అయిపోయాక సారుకి నడుం నొప్పి తగ్గిందని ఉంచేశారండి."

తాతారావు ఒంగి, అలవాటు కొద్దీ కుర్చీ అడుగున చెయ్యి పెట్టి తడిమాడు. 'గు.తా.' లేదు. ఇన్నాళ్ళూ చేతికందే దూరంలో నిలబడి, చెయ్యి చాపమన్న చోటల్లా చాపాడు గానీ, దీని మీద చెయ్యి వెయ్యమని ఎవరూ అనలేదు. ఎస్సై కుర్చీ తువ్వాలు ఎత్తి చూడాలని అతనికీ తోచలేదు.

ప్రభాకరం గారు మాత్రం తొణకలేదు. "మేడమ్, మనవి. చైర్మన్ గారి ఫిర్యాదులో సింహాలు రెండు అని స్పష్టంగా ఉంది. ఇక్కడ లభ్యమైనది ఏకసింహం. ఏకసింహం వల్ల ఏదీ రుజువు కాదు. కుర్చీలో మిగతా సగం మేర బయట ఉంది. దాన్ని తాకాలంటే వారంటు కావాలి."

"అడగండి, ఇస్తాను. కారణం చెప్పండి."

ఎస్సై గారు సర్క్యులరు కోసం జేబు తడుముకున్నారు.

"వారంటు దేనికండీ, ముద్దాయిని ఒక్క అడుగు జరిపితే సరి," అన్నారు డీఎస్పీ గారు. తన పేరు ఎక్కడా రాకుండా ఇది తొందరగా తేలిపోవాలని ఆయన ఆరాటం.

"జరక్కు తాతారావూ!" అని కేక పెట్టారు ప్రభాకరం గారు. "నిన్ను జరిపే అధికారం ఎవరికీ లేదు. నీ హక్కు ఇది. నా మాట విని అక్కడే నిలబడు. నీకు దణ్ణం పెడతాను."

తాతారావు ఆయన్ని చూశాడు. కోపం అతనికి ఆలస్యంగా వస్తుంది. ఆ వేళ వచ్చింది.

"ఇన్నాళ్ళూ మీరు జరగమన్న చోటికల్లా జరిగానండి," అన్నాడు. "మా పక్కింటి జాడీల దాకా జరిగానండి. ఇదొక్కటీ నా సొంతానికి జరుగుతానండి."

అని ఒక్క అడుగు వేశాడు. ఏసుపాదం ఎవరూ చెప్పకుండానే కొత్త గిరి గీశాడు.

కుర్చీ మునిసిపాలిటీకి చేరింది. తెలియక కూర్చున్నంత మాత్రాన నేరం కాదని శాఖాపరమైన విచారణలో తేల్చి ప్రభాకరం గారిని బదిలీ చేశారు. చైర్మన్ గారు సింహాల మధ్య కూర్చుని జరిపిన మొదటి సమావేశంలో, కుర్చీని అనతికాలంలో కనిపెట్టినందుకు పోలీసు శాఖని అభినందిస్తూ తీర్మానం చేశారు. కుళాయిలు వాయిదా పడ్డాయి.

తాతారావు ఇంటికొచ్చాడు. వీధిలో అడుగు పెట్టేసరికి కిటికీ రెక్కలు టపటపా మూసుకున్నాయి. ఎదురొచ్చినవాళ్ళు, "ఏం తాతారావూ, కులాసానా?" అని ఆప్యాయంగానే పలకరించారు గానీ, రోడ్డుకి అవతలి అంచు నుంచి పలకరించారు. ఆ చేతులు ఎంత దూరం వస్తాయో ఇప్పుడు ఊళ్ళో అందరికీ కొలతతో సహా తెలుసు. అతను కూడా చేతులు వెనక్కి కట్టుకుని నడవడం అలవాటు చేసుకున్నాడు. షామియానాలు గోడౌన్లో బూజు పట్టాయి. నూకరత్నం ఇడ్లీలు వేసి అమ్మడం మొదలుపెట్టింది. రాత్రిపూట ఆవిడ మొగుడి చెయ్యి తీసుకుని తన తల కింద పెట్టుకునేది. ఊళ్ళో ఆ చేతిని పట్టుకునే మనిషి ఆవిడొక్కతే.

మాఘమాసం వచ్చాక ఒకనాడు పెరటి గోడ మీద ఆవకాయ గిన్నె కనబడింది. గోడకి అవతల, చేతికందనంత దూరంలో భ్రమరాంబ గారు నిలబడి ఉంది. తనని తనే తిట్టుకుని, గోడ దగ్గరికి వచ్చేసింది.

"మనవరాలి ఓణీల ఫంక్షన్రా. పొరుగూరోడి పందిరి నాకొద్దు. నువ్వొచ్చి వెయ్యి." ఆవిడ కొంగు ముడి విప్పి బీరువా తాళాలు అతని చేతిలో పెట్టింది. "ముక్కుపొడి డబ్బా కూడా అందులోనే ఉంది. ఎవరికీ చెప్పకు."

తాతారావు ఆ తాళాలు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఫంక్షన్ రోజు పొద్దున్నే భ్రమరాంబ గారి డాబా మీద నిలబడి, జరీ అంచు గుడ్డని గుంజకి బిగిస్తున్నాడు. ఒళ్ళంతా తేలికగా ఉంది. అక్కణ్ణుంచి చూస్తే ఊరంతా కనబడుతోంది. బట్టలారేసిన డాబాలు, వడియాలు పెట్టిన పెరళ్ళు, తెరిచి ఉన్న కిటికీలు అన్నీ కళ్ళముందే ఉన్నాయి.

కింద జీపు ఆగింది. ఏసుపాదం దిగి, మేడమెట్లు ఎక్కి వచ్చి నిలబడ్డాడు. అతని చేతిలో కొత్త సర్క్యులరు ఉంది. దాన్ని కూడా లామినేషను చేయించారు.

"తాతారావు గారూ, బాగున్నారాండి?" అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఆ చేతి మేర వల్ల చాలా అనర్థాలు జరిగాయని, పై వాళ్ళు బాగా ఆలోచించి దాన్ని రద్దు చేసేశారండి."

"మంచి మాట చెప్పారండి," అన్నాడు తాతారావు.

"ఇకనుంచి కనుచూపు మేరండి." ఏసుపాదం సర్క్యులరు ముందుకి చాపాడు. "పాత కేసు ఫైలు ఇంకా మూయలేదంటండి, సాంకేతికంగా తవరు ముద్దాయేనంటండి. కొత్త ఎస్సై గారు ఒక్క మాట కనుక్కురమ్మన్నారు. తవరికి చూపు ఎలా ఉందండి?"

తాతారావు ఊరికేసి ఒక్కసారి చూశాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఏవీ కనపడదండి," అని, తడుముకుంటూ పందిరి ముడి బిగించాడు.